పద్నాలుగో పేరా

నిర్బంధ కేంద్రం, ఆడవాళ్ళ విభాగం
ఫిబ్రవరి 11

వదినకు,

ఈ ఉత్తరం నా అంతట నేను రాయడం లేదు. మా లాయరమ్మ రాయమంది. ఆమె ఉచిత న్యాయసహాయం ఆఫీసులో పనిచేస్తుంది. నీకు రెండుసార్లు ఫోన్ చేసిందట. నా మాటెత్తగానే పెట్టేశావట. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టేయలేవు. చింపేయగలవు, సరే. చదివి చింపు.

నేను ఈ దేశం వచ్చి పది నెలలైంది. ఆశ్రయం అడిగాను. కుదరదన్నారు. వెనక్కి పంపేయమని ఉత్తర్వు ఇచ్చారు. దాని మీద లాయరమ్మ అప్పీలు వేసింది. విచారణ ఏప్రిల్ మూడున.

ఉత్తర్వు పంతొమ్మిది పేజీలు. అనువాదకురాలు ఫోన్లో పేరా తరవాత పేరా చదువుతూ పద్నాలుగో పేరా దగ్గర ఆగింది. “ఇది మీ బంధువు చెప్పిన మాట. చదవమంటారా?” అని అడిగింది. చదవమన్నాను. ఆరేళ్ళ కిందట నువ్వు ఆశ్రయం అడిగినప్పుడు ఇక్కడి అధికారికి చెప్పినది: “మా ఆడపడుచు సర్కారు ఆసుపత్రిలో రికార్డుల గుమాస్తా. నా భర్త పోలీసు స్టేషన్లో దెబ్బలకి చనిపోతే, గుండెపోటుతో పోయాడని ఆమే కాగితం రాసింది. పోలీసులతో కలిసి నవ్వుతూ రాసింది. నా కళ్ళారా చూశాను. ఆమె వాళ్ళ మనిషి.”

దాని కింద అధికారి తేల్చినది: పోలీసుల మనిషి కాబట్టి పోలీసుల వల్ల ఈమెకి ప్రమాదం లేదు. పైగా, ఇతరుల్ని హింసించడంలో చెయ్యి కలిపినవాళ్ళకి ఆశ్రయం అడిగే అర్హతే లేదు.

చివరి రెండేళ్ళలో అన్నలాగే పోయిన ఏడుగురి రికార్డులకి నేను నకళ్ళు తీసి విచారణ సంఘానికి ఇచ్చాను. అది బయటపడే పారిపోయి వచ్చాను. ఆ నకళ్ళు ఫైల్లో ఉన్నాయి. అయినా నమ్మలేదు. సొంత అన్న చావునే అబద్ధం చేసిన మనిషి పరాయివాళ్ళ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటుందా అన్నారు.

కాగితం రాసింది నేనే. కాదనను. నవ్వలేదు. నేను నవ్వడం నువ్వు చూడలేదు. ఆ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఇవ్వు. ఇంకేమీ అడగను.

ఇక్కడ ఉత్తరాలు విప్పి చూస్తారు. మన భాష వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. తిట్టదలచుకుంటే ధారాళంగా తిట్టు.

నీ ఆడబిడ్డ


బట్టలు సరిచేసే దుకాణం, వెనక గది
ఫిబ్రవరి 20

ఆడబిడ్డ గారికి,

తిట్టమని తమరే సెలవిచ్చారు కాబట్టి మొహమాటం లేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఆ హోదా తమరికి చాలలేదు. నాకున్న ఒక్క మొగుణ్ణీ వాళ్ళు దెబ్బలతో చంపితే, తమరు కాగితం మీద ఇంకోసారి చంపారు.

మీ అన్నకి ముప్పై తొమ్మిదేళ్ళు. పద్నాలుగేళ్ళు బస్సు నడిపిన మనిషి. యూనియన్ సెక్రటరీ అయ్యాడని పట్టుకెళ్ళారు. మూడో అంతస్తుకి ఎక్కితే ఆయాసం వచ్చేది నాకు, ఆయనకి కాదు. ఆ మనిషికి గుండెపోటా? ఆ కాగితం నా చేతిలో పెట్టినప్పుడు నేను ముందు చూసింది అందులో ఏముందో కాదు, ఆ రాత. మా పెళ్ళి శుభలేఖల మీద చిరునామాలు రాసిన చెయ్యి. “మా చెల్లి అక్షరాలు ముత్యాలు” అని ఆయన కనపడ్డవాళ్ళందరికీ చూపించాడు. ఆ ముత్యాలే ఏరి పెట్టావు ఆయన మీద.

నవ్వావో ఏడ్చావో, సిరా ఒకటే కదే!

ఎందుకు రాశావు? ఉద్యోగం పోతుందనా? పోతే పోయేది. నేనిక్కడ ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ప్యాంట్ల అంచులు మడిచి కుడుతున్నాను. కోట్లకి లైనింగులు మారుస్తున్నాను. జిప్పులు పీకి జిప్పులు వేస్తున్నాను. చచ్చిపోలేదు. చిట్టికి పద్నాలుగేళ్ళొచ్చాయి. బళ్ళో బాగానే చదువుతోంది. దాని దగ్గర అత్త మాట నేను ఎత్తలేదు. అది అడగలేదు.

నేను ఏ ముక్కా రాసివ్వను. మళ్ళీ రాయకు. మీ లాయరమ్మని ఫోన్ చేయొద్దను. దుకాణం నంబరుకి చేస్తే యజమానురాలు మొహం చిట్లిస్తుంది.

ఉంటాను అని రాయడం అలవాటు కాబట్టి రాస్తున్నాను.

నీ అన్న భార్య


నిర్బంధ కేంద్రం
మార్చి 4

వదినా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తిట్లయితేనేం, మన భాషలో ఇంతసేపు నాతో ఎవరూ మాట్లాడి చాలా రోజులైంది.

ఈ గదిలో నలుగురం ఉండేవాళ్ళం. తలుపుకి లోపలి వైపు గడియ ఉండదు. కిటికీ నాలుగు వేళ్ళ మందం తెరుచుకుని ఆగిపోతుంది. పై మంచం పొడుగావిణ్ణి సోమవారం తీసుకెళ్ళారు. విమానం ఎక్కనని నేల మీద కూర్చుండిపోయిందట. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారట. ఆవిడ చెప్పులు ఇంకా మంచం కిందే ఉన్నాయి.

నిన్న లాయరమ్మ వచ్చింది. “బలవంతం చేసి రాయించారంటే చట్టం వేరుగా చూస్తుంది. మిమ్మల్ని ఏమని బెదిరించారు?” అని అడిగింది. గుర్తులేదన్నాను. “గుర్తులేదా, చెప్పరా?” అంది.

ఎందుకు రాశావని నువ్వు అడిగావు. ఆరేళ్ళలో మొదటిసారి అడిగావు. తిడుతూ అడిగినా అడిగావు కాబట్టి నీకు చెప్తున్నాను.

ఆ రోజు శవాన్ని గుర్తుపట్టాలని నిన్నూ చిట్టినీ జీపులో తెచ్చారు. గంటన్నర కూర్చోబెట్టారు. దింపలేదు. ఎందుకు దింపలేదో ఎప్పుడైనా ఆలోచించావా? జీపుని సరిగ్గా మా రికార్డుల గది కిటికీ కింద ఎందుకు ఆపారో? నేను రాయనన్నాను. రెండుసార్లు అన్నాను. అప్పుడు ఇన్‌స్పెక్టర్ నా జుట్టు పట్టుకుని తల కిటికీ వైపు తిప్పాడు. “వాళ్ళని చూశావుగా. కాగితం ఒకటి రాస్తావా, మూడు రాస్తావా?” అన్నాడు.

ఒకటి రాశాను.

లాయరమ్మకి చెప్పను. చెప్తే కోర్టు కాగితాల్లోకి ఎక్కుతుంది. కాగితాల సంగతి నాకు తెలుసు, వాటికి చావుండదు. చిట్టి ఏదో ఒకనాడు చదువుతుంది. నాన్న చావుని తన ప్రాణం కోసం అబద్ధం చేశారని ఆ పిల్ల జీవితాంతం మోయాలా? నువ్వూ దానికి చెప్పకు.

ఒక మాట. నేను కిటికీలోంచి చూసినప్పుడు నువ్వూ పైకి చూశావు. నన్ను చూశావు.


దుకాణం, వెనక గది
మార్చి 19

అమ్మాయ్,

నేను చూడలేదు. జీపులో చిట్టిని ఒళ్ళో పడుకోబెట్టుకుని తల దించుకుని కూర్చున్నాను. కిటికీ ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

మీ లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. నీ మీద ప్రేమ పొంగి కాదు. నీ ఉత్తరం వచ్చాక కుట్టు తిన్నగా పడటం లేదు. ఒక కోటుకి ఎడమ చెయ్యి కుడి వైపు కుట్టేశాను. పన్నెండేళ్ళుగా మిషను తొక్కుతున్నాను, అలాంటి పని ఎప్పుడూ చేయలేదు.

ఆ ఆఫీసు మెట్ల మీద కూడా జనం కూర్చుని ఉన్నారు. మూడు గంటలకి నా వంతు వచ్చింది. “నేను మాట మార్చుకుంటే నాకేమవుతుంది?” అని అడిగాను. మీ లాయరమ్మ పెన్ను కింద పెట్టేసింది. “నేను ఆమె లాయర్ని. మీ లాయర్ని కాను. ఈ విషయంలో మీకు సలహా చెప్పకూడదు. సంతకం పెట్టే ముందు మీరు వేరే లాయర్ని కలిసి తీరాలి” అంది. నువ్వు బయటపడటానికి నా సంతకమే కావాలి కదా, అయినా ఆగమంది. పక్క వీధిలో ఒకాయన పేరు రాసిచ్చింది.

ఆయన దగ్గరికీ వెళ్ళాను. మాట తడబడుతుంది కానీ ఆలోచన తడబడదు. “అబద్ధం చెప్పి ఆశ్రయం పొందారని వాళ్ళు మీ ఫైలు మళ్ళీ తెరవొచ్చు. తీసేస్తారని కాదు. తీసేయరనీ చెప్పలేను. మీ అమ్మాయి ఇక్కడ ఉండే అనుమతి మీ అనుమతికి ముడిపడి ఉంది” అన్నాడు. అర్థమైందా? నీ కోసం నోరు తెరిస్తే పోయేది నేనొక్కదాన్నే కాదు.

ఎందుకన్నానో కూడా విను. నా ఇంటర్వ్యూ నాలుగు గంటలు జరిగింది. ఆ అధికారి నా మొగుడు ఎలా పోయాడని ఒకసారి అడిగితే, “మీ ఆడపడుచు ప్రభుత్వ ఉద్యోగి కదా, ఆమె దగ్గరికి వెళ్ళి ఉండొచ్చు కదా” అని ఆరుసార్లు అడిగాడు. ఇల్లు కాలి ఏడుస్తుంటే వెనకింట్లో సర్దుకోవచ్చుగా అన్నట్టు. ఆరోసారి నా నోట్లోంచి ఆ మాట వచ్చింది. వాళ్ళ మనిషి, నవ్వుతూ రాసింది, అని. అంతే, అతను ఆ ప్రశ్న మళ్ళీ వేయలేదు. ఆ ఒక్క మాట మీద నేనూ నా పిల్లా ఆరేళ్ళుగా నిలబడి ఉన్నాం.

నువ్వు నా పిల్ల కోసం రాశావన్నావు. నిజమే అనుకో. అయితే ఇప్పుడు ఆ పిల్లనే పణం పెట్టమని నన్నెలా అడుగుతావు? నా వల్ల కాదు. అడకత్తెరలో పోకచెక్కని చేశావు నన్ను. ఇక వదిలేయ్.


నిర్బంధ కేంద్రం
మార్చి 25

వదినకు,

సరే. నువ్వు చూడలేదు.

అప్పీలు పోతే వారంలో ప్రయాణం. నిన్న డాక్టరు వచ్చి విమానం ఎక్కడానికి ఆరోగ్యంగా ఉన్నానని రాసుకున్నాడు. సంచీ తూచారు. ఎక్కడ దిగబెట్టాలని అడిగారు. రాజధాని విమానాశ్రయమేగా, అక్కడ ఎదురొచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అన్నారు. ఉన్నారన్నాను. పోలీసులు అని వివరంగా చెప్పలేదు. ఆ అడిగినతను రాసుకుని ఆనందపడ్డాడు, మంచివాడిలానే ఉన్నాడు.

పిల్లని పణం పెట్టమని నేను అడగలేదు. నాకు ఆ సంగతి తెలియదు. తెలిస్తే మొదటి ఉత్తరమే రాసేదాన్ని కాదు. రావద్దు. లాయరమ్మకీ చెప్పాను, నిన్ను పిలవొద్దని.

ఇక రాయను.


ఇల్లు
ఏప్రిల్ 4

అమ్మాయ్,

నిన్న నువ్వు కోర్టులో గోడ మీది తెర మీద కనిపించావు. ఎంత చిక్కిపోయావే. నువ్వు నన్ను చూశావో లేదో తెలియదు. నేను లోపలికి వచ్చిన రెండు నిమిషాలకే మీ వైపు లైను తెగిపోయింది. సాంకేతిక లోపం అని ఎవరో అన్నారు. జడ్జి ఆవిడ గడియారం చూసింది. “సాక్షి వచ్చి ఉంది. అప్పీలుదారు లాయరు ఒప్పుకుంటే ఈమె మాట ఇప్పుడే వినేస్తాను. లేదంటే ఇంకో రోజు” అంది. మీ లాయరమ్మ నా మొహం ఒకసారి చూసి ఒప్పేసుకుంది. ఇంకో రోజంటే ఈ మనిషి రాదని ఆవిడ కనిపెట్టేసింది. అది నిజమే. కాబట్టి నేనేం చెప్పానో నీకు తెలియదు. ఇంకొకళ్ళ నోట వినడం ఎందుకు, నేనే రాస్తున్నాను.

జీపు కిటికీ కిందే ఆగిందని చెప్పాను. పైకి చూశానని చెప్పాను. చూశాను. నీ వెనక ఒకడు నిలబడి నీ జుట్టు పట్టుకున్నాడు. నీ తల మా వైపు తిరిగింది. మమ్మల్ని చూశావు. తరవాత వంగి రాయడం మొదలుపెట్టావు.

“అప్పుడు ఆమె మొహం ఎలా ఉంది?” అని జడ్జి అడిగింది.

“నోరు తెరుచుకుని ఉందండీ. అద్దం మూసి ఉంది. ఏమీ వినపడలేదు. పళ్ళు కనిపించాయి” అన్నాను.

“నవ్విందని అప్పుడెందుకు చెప్పారు?”

“అరుస్తోందని ఒప్పుకుంటే, ఎవరిని చూసి అరుస్తోందో కూడా ఒప్పుకోవాలి. నవ్విందనుకుంటే నాకు తేలిక.”

ఇన్నేళ్ళూ అది నాకు నేను కూడా చెప్పుకోలేదు. అక్కడ, ఎవరో ముక్కూమొహం తెలియనావిడ అడిగితే, దుబాసీ ద్వారా చెప్పాను.

తరవాత ప్రభుత్వం తరఫు లాయరు లేచాడు. “అయితే ఆరేళ్ళ కిందట మీరు అబద్ధం చెప్పారు” అన్నాడు. చెప్పానన్నాను. “మరి ఇప్పుడు నిజం చెప్తున్నారని మేమెలా నమ్మాలి?” అన్నాడు. “అప్పుడు అబద్ధం చెప్తే నాకు ఉండటానికి చోటు దొరికింది. ఇప్పుడు నిజం చెప్తే అది పోవచ్చు. నమ్మకపోతే మీ ఇష్టం” అన్నాను. కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు.

ఇదంతా నీ మీద జాలితో చేశాననుకోకు. నువ్వు రాసిన కాగితం పట్టుకుని ఎన్ని గడపలు ఎక్కానో నీకేం తెలుసు? “సొంత చెల్లెలే గుండెపోటని రాసిందిగా” అని ప్రతివాడూ నా మొహం మీద తలుపు వేశాడు. నువ్వు తరవాతైనా వచ్చి చెవిలో ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ఆ పని చేయలేదు. నాకు కోపం ఉంది. కానీ నేను చూసింది చూశాను.

వదిన


మహిళల వసతి గృహం, మూడో గది
జూన్ 2

వదినా,

ఇక రాయనన్నాను. మాట తప్పుతున్నాను.

తీర్పు మే పదిహేనున వచ్చింది. బెదిరించి రాయించిన కాగితానికి నాది నేరం కాదన్నారు. ఏడుగురి నకళ్ళూ నమ్మారు. నన్ను పంపరు. లాయరమ్మ తీర్పు చదువుతూ మధ్యలో రెండుసార్లు ముక్కు తుడుచుకుంది. జలుబట.

నీకు కృతజ్ఞతలు చెప్పను. నా వస్తువు పట్టుకెళ్ళి ఆరేళ్ళకి తెచ్చిచ్చినవాళ్ళకి దండ వేయరు. చెవిలో ఒక్క మాట చెప్పలేదన్నావు. చెప్పడానికి వచ్చాను. మూడో రోజు సాయంత్రం. నువ్వు తలుపు తీసి, నన్ను చూసి, వేసేశావు. మూడుసార్లు కొట్టాను. నా వెంట ఒక కానిస్టేబులు ఉన్నాడు, వీధి మొదట్లో. అంతకంటే కొట్టలేకపోయాను. అది నీకు గుర్తుండదు. గుర్తుండనివి నీకు చాలా ఉన్నాయి.

అసలు సంగతి. నిన్న చిట్టి ఫోన్ చేసింది. వసతి గృహం నంబరు ఎలా పట్టుకుందో అడగలేదు. “అత్తేనా?” అంది. “మా అమ్మకి కాగితం వచ్చింది. ఫైలు మళ్ళీ చూస్తారట. అమ్మని కూడా పంపించేస్తారా?” అని అడిగింది. దానికి అన్న గొంతే వచ్చింది, మాట చివర కొంచెం లేపడం.

నాకెందుకు చెప్పలేదు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందనా? నా కాళ్ళ మీద కూడా పడుతుందని తెలియదా?

విచారణ ఆగస్టు తొమ్మిదిన అని పిల్ల చెప్పింది. నీ లాయరుకి నేనే ఫోన్ చేసి నన్ను సాక్షిగా రాయమన్నాను. నీ అనుమతి కావాలన్నాడు. ఇవ్వు. ఇవ్వకపోతే గుమ్మం దగ్గర కూర్చుంటాను. ఈసారి తలుపు కొట్టేటప్పుడు నా వెనక ఎవరూ ఉండరు.


ఇల్లు
సెప్టెంబరు 1

అమ్మాయ్,

నిర్ణయం నిన్న వచ్చింది. మమ్మల్ని పంపరు. అబద్ధం చెప్పినట్టు ఫైల్లో శాశ్వతంగా ఉంటుంది. పౌరసత్వం ఐదేళ్ళు వెనక్కి జరిగింది. చిట్టి అనుమతి నా దాని నుంచి విడదీసి దాని పేరు మీద ఇచ్చారు. ఇక నేనేం చేసినా దానికి అంటదు. మా తడబాటు లాయరు ఆ వాక్యం మాత్రం గుక్క తిప్పుకోకుండా చదివాడు.

ఆగస్టు తొమ్మిదిన నువ్వు లోపల చెప్పినదంతా నేను వింటూనే ఉన్నాను. “ఆమె నన్ను పోలీసుల మనిషి అనుకోవడానికి కారణం నేను రాసిన కాగితమే. అది చేతిలో పెట్టుకుని ఏ భార్య అయినా అదే అనుకుంటుంది” అన్నావు. నువ్వలా అంటావనుకోలేదు. వరండాలో నువ్వు నీళ్ళ సీసా అందిస్తే నేను తీసుకోలేదు. దాహం వేయలేదని కాదు.

తలుపు సంగతి గుర్తొచ్చింది. కొట్టావు. మూడుసార్లే.

నిన్ను క్షమించానని రాయాలని ఈ కాగితం తీసుకోలేదు. నా ఇంటికి రావద్దు, ఇప్పుడే కాదు. నిన్ను చూస్తే నాకు ఇంకా ఆ రాతే కనిపిస్తుంది. అది నీ తప్పో నా తప్పో తేల్చే ఓపిక నాకు లేదు.

చిట్టికి జీపు సంగతి నేనే చెప్పాను. నువ్వు వద్దన్నావు. కానీ ఇంట్లో ఇన్ని కోర్టు కాగితాలు పెట్టుకుని, అది చదువుకున్న పిల్ల అని మరిచిపోవడం కుదరదు. అంతా వింది. తరవాత “అత్తకి నొప్పి పుట్టిందా, జుట్టు పట్టుకుంటే?” అని అడిగింది. తెలియదన్నాను. నిన్నే అడుగుతానంది.

ఆదివారం పదకొండింటికి పంపిస్తున్నాను. ఒక్కతే బస్సెక్కి వస్తుంది, స్టాపు దగ్గర నిలబడు. నాలుగు గంటలకి మళ్ళీ బస్సెక్కించు.

అది ఇంకోటి కూడా అడుగుతుంది. ఆ రోజు మమ్మల్ని జీపులోంచి దింపలేదు. అట్నుంచి అటే ఆయన్ని తీసుకెళ్ళి పూడ్చేశారు. ఆసుపత్రిలో చివరిసారి ఆయన మొహం చూసింది మనింట్లో నువ్వొక్కదానివే. ఎలా ఉన్నాడో నేను ఈ ఆరేళ్ళలో ఎవరినీ అడగలేదు. అది అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. పిల్ల కదా అని దాచకు, మన ఇద్దరి కంటే గట్టిది.

నేను అడగను. ఎప్పుడైనా అడిగితే, నాకూ చెప్పు.

వదిన